మూడో వరుసలో నా చెట్టు

"నీకు తెలుసా, తెలియదా? ఆ ఒక్క ముక్క చెప్పు చాలు," అన్నాడు మా పెద్దాడు వెంకటకృష్ణారావు.

"చెప్పను నాన్నా," అంది పుష్పవతి.

"పోనీ తెలియదనైనా చెప్పవే!"

"అదీ చెప్పను."

సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసి లేచిపోయాడు. శుక్రవారం నుంచి అట్లా లేచిపోవడం అది మూడోసారి. మా కోడలు సీతమ్మ పెరుగు గిన్నె పట్టుకుని నిలబడింది నిలబడ్డట్టే ఉంది.

మే నెల. ఇంటినిండా రసాల మామిడిపండ్లు. పండు ముట్టకుండా లేచిపోయే మగవాణ్ణి ఈ ఇంట్లో అంతకు ముందు నేను చూడలేదు. మా ఆయన నాతో ఎంత పోట్లాట పెట్టుకున్నా, ముందు పండు తిని, చేతులు కడుక్కుని, అప్పుడు మొదలుపెట్టేవాడు.

"తండ్రితో అట్టాగేనా మాట్లాడేది?" అంది సీతమ్మ కూతురితో. "నీకు తెలియకపోతే తెలియదని చెప్తే ఏం పోయింది?"

"ఇవాళ తెలియదని చెప్తాననుకో అమ్మా. రేపు ఇంకెవరి సంగతో నిజంగా నాకు తెలుస్తుంది. అప్పుడు నోరు మూసుకుంటే, ఆ మూసుకోవడమే జవాబైపోద్ది. అందుకని తెలిసినా చెప్పను, తెలియకపోయినా చెప్పను."

సీతమ్మ నావైపు చూసింది. నేను పీటవైపు చూశాను. ఇరవైనాలుగేళ్ళ పిల్ల మాట, పట్టుకుందామంటే ఎక్కడా పట్టు దొరకలేదు.

ఇంత రభసకీ కారణమైన కాగితం వసారాలో బల్లమీద ఉంది. రెండు అంచులా వరసగా చిల్లులున్న కాగితం. ఎగిరిపోకుండా దానిమీద నా అడకత్తెర పెట్టాడు మా వాడు. రెండు రోజులుగా నేను వక్క కత్తిరించుకోవడానికి కూడా లేదు.

మా పుష్ప నెల సెలవు మీద ఇంటికొచ్చింది. విజయవాడలో అది పనిచేసే చోట ఓ పెద్ద కంప్యూటరుంది. ఆరు కాలేజీల నుంచి ఫోను తీగమీద దానికి వ్యాసాలు పోతాయి. ఫలానాది కనిపెట్టానని ఒకరు రాసి పంపితే, పైనున్న పేరు తీసేసి, ఒక అంకె వేసి, ఆ విషయం తెలిసిన ఇంకొకరికి పంపుతుంది. ఆ చదివి తప్పొప్పులు చెప్పినవారి పేరు ఇటువైపు తెలియనివ్వదు. తర్వాత ఇరవైయొక్క రోజులు వ్యాసాన్నీ, దానిమీద వచ్చిన మాటనీ అందరికీ తెరిచి పెడతారు. అప్పుడు ఎవరైనా సరే, తన పేరు పెట్టుకుని మాట చెప్పొచ్చు. ఈ పద్ధతంతా కూర్చుని గీసింది మా పుష్పే.

మొదట విన్నప్పుడు నాకు నచ్చలేదు. మామిడి మార్కెట్లో తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్ళతో బేరమాడతారు చూడండి, అది గుర్తొచ్చింది.

"ఏంటే, తువ్వాలు కింద బేరమా?" అన్నాను.

"బేరం తువ్వాలు కింద కాదు నాయనమ్మా. మనిషి మాత్రమే తువ్వాలు కింద. బేరం అందరి ముందూనే."

అప్పుడు నవ్వుకున్నాం ఇద్దరం. వాళ్ళ నాన్న వ్యాసమే ఆ తువ్వాలు కిందికి వస్తుందని అనుకోలేదు.

మా వాడు ఊళ్ళో కాలేజీలో చెట్లచేమల శాస్త్రం చెప్పే మేష్టారు. మామిడి ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు మొండికేస్తుంది కదా. ఆ మొండి ఏడు కూడా కాయించే ఉపాయం మీద రాశాడు. విరగపూసిన ఏడు చెట్టులో సగం వైపు పూత దులిపేస్తే, ఆ సగం మరుసటి ఏడు కాస్తుంది. ఈ వ్యాసం ఒప్పుకుంటేనే వాడికి పై పోస్టు. పంపిన రోజున ప్రిన్సిపాలుగారి గదిలో ఫోను దగ్గర గంటసేపు కాపలా కూర్చుని వచ్చాడు. కంప్యూటరు గదికీ, ఆ ఫోనుకీ తీగ ఒకటేనట. ఇక్కడ పని నడుస్తుండగా అక్కడెవరైనా రిసీవరు ఎత్తారంటే, పంపుతున్నదంతా పోయినట్టేనట.

తీరా శుక్రవారం వచ్చిన జవాబులో పేరులేనాయన రెండే ప్రశ్నలు అడిగాడు.

ఒకటి: మూడో వరుసలో ఉన్న 'పున్నమ్మ' చెట్టుకి ఉప్పెన వచ్చిన ఏడు పడమటి పెద్దకొమ్మ విరిగిపోయింది. ఆ మరుసటి వేసవిలో పడమటి సగం తొంభై కాయలు కాసిందని మీ పట్టికలో ఉంది. లేని కొమ్మకి కాయలెలా వచ్చాయి?

రెండు: పూత దులపాలని మొదట తోచిన మనిషి ఒకరున్నారు. వారి పేరు ఈ వ్యాసంలో ఎందుకు లేదు?

ఆ పున్నమ్మని నేనే. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. కోడలు కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో ఒక అంటు నాటాలి. ఆ చెట్టుకి ఆమె పేరే. మా అత్తగారు పుల్లమ్మ చెట్టు, నా చెట్టు, సీతమ్మ చెట్టు, ఇట్లా తోటలో ముందు వరుసల్లో ఉన్నవన్నీ మా ఆడవాళ్ళమే. మా వాడు ఇంట్లో పిలిచినట్టే పట్టికలో ఆ పేర్లు రాసుకున్నాడు. కంప్యూటరు పైనున్న వాడి పేరు కొట్టేసింది గానీ, పట్టికలోకి దిగి చూడలేదు. అత్తగారు, కోడలు, మనవడి పెళ్ళాం వరసగా నిలబడి ఉంటే ఆ తోట ఎవరిదో మా తోట ఎరిగినవాళ్ళకి వేరే చెప్పాలా?

"ఇందులో తప్పు నాది," అంది పుష్ప, ఆ సాయంత్రం వాళ్ళ నాన్న మళ్ళీ అందుకోగానే. "పట్టికలు కూడా చూడాలని నాకు తట్టలేదు. అది ఒప్పుకుంటున్నా."

"ఒప్పుకుంటే చాలదు. నేనెవరో తెలిసి రాశాడు వాడు. పక్షపాతంతో రాశాడు. ఆ అభిప్రాయం కొట్టెయ్యి."

"మీరెవరో తెలిసింది కాబట్టి కొమ్మ సంగతి అబద్ధమైపోద్దా నాన్నా?"

మా వాడి మొహం ఎర్రబడింది. కొమ్మ విషయం మాట్లాడలేదు.

"పెద్దిరాజే," అన్నాడు, గోడతో చెబుతున్నట్టు. చింతలపూడిలో ఇంకో మేష్టారు ఆ పెద్దిరాజు. "నాలుగేళ్ళ కిందట మన తోటకొచ్చి పండ్లు తిని పోయాడు. లేదా అప్పారావు. సొంత తమ్ముడైతే మాత్రం ఏం, తోట పంచినప్పటి నుంచీ నామీద కడుపుమంటే."

"మీ తమ్ముడికి ఇంగ్లీషులో అడ్రసు రాయడమే రాదండీ," అంది సీతమ్మ.

"నువ్వు మీ వాళ్ళకి ఏమన్నా చెప్పావా?"

"నేనా! మా పుట్టింటివాళ్ళకి మీ చెట్ల సంగతులు కావాలా? వాళ్ళకి లేవూ చెట్లు?"

అప్పుడు తిరిగాడు నావైపు. తిరుగుతాడని నాకు తెలుసు.

"నీ నోరు ఊరుకోదు కదమ్మా. బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా మన ఇంటి సంగతులు పురాణం చెప్తావు. ఎవరికి చెప్పావు?"

"నాకేం తెలుసురా ఎవరికి చెప్పానో! డెబ్భై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నా."

"ఎవడో బయటపడనీ. ఆ తర్వాత ఈ జిల్లాలో వాడు ఏ కాలేజీ గడప తొక్కుతాడో నేనూ చూస్తా."

ఆ మాటకి పుష్ప తల ఎత్తి నావైపు చూసింది. నేను చెప్పానేమోనని దానికీ అనుమానమే. నాకు మాత్రం లేదా? పుష్పే రాసి, పేరులేనాయన మీద పెట్టిందేమోనని రెండు రోజులుగా నా మనసు పీకుతూనే ఉంది. సీతమ్మకి మా ఇద్దరి మీదా అనుమానం. ఒకే ఇంట్లో నలుగురం, వంటగదిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాళ్ళు వాకిట్లోనే ఆగిపోయే పరిస్థితి వచ్చింది.

ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది. నూలుచీర కట్టుకున్న ఓ సన్నటి అమ్మాయి, చేతిలో ఫైలు.

"మేష్టారున్నారాండీ? నేను వెంకటలక్ష్మినండి. ఇక్కడే చదువుకున్నాను. చింతలపూడిలో టెంపరరీగా చేస్తున్నానండి. ఇక్కడ పర్మనెంటు పోస్టుకి అప్లికేషను పెడుతున్నా, మేష్టారి సంతకం కావాలి."

మా వాడు ఫైలు చూసి, "కూర్చోమ్మా, కళ్ళజోడు తెచ్చుకుంటా," అని లోపలికి వెళ్ళాడు.

నేను ఆ పిల్ల మొహం చూస్తూనే పోల్చుకున్నాను. ఉప్పెన తర్వాతి జనవరిలో మా వాడు క్లాసు పిల్లలందరినీ తోటకి తీసుకొచ్చాడు. ముప్పైమందికి నేనే పులిహోర కలిపాను. మగపిల్లలు కోతికొమ్మచ్చులాడుతుంటే, ఈ పిల్ల మాత్రం మా తోట పని చూసుకునే సలోమోను వెనకాల తిరిగింది. ప్రతి చెట్టు పేరూ అడిగింది, నోటుబుక్కులో రాసుకుంది. రెండోసారి పులిహోర వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, "ఆకులో వదిలేస్తే పాపమండీ," అంది. అప్పటి పిల్ల అప్పుడే ఉద్యోగానికి వచ్చేసింది.

"బాగున్నావా అమ్మాయ్? నా చేతి పులిహోర గుర్తుందా?"

"అయ్యో, మామ్మగారూ, మర్చిపోతానాండీ!" మొహం విప్పారింది. "మీ చెట్టు బాగుందాండీ? ఆ కొమ్మ విరిగిన చోట మళ్ళీ చిగురు..."

ఆగిపోయింది.

తన చూపు బల్లమీదికి పోయింది. అడకత్తెర, దాని కింద చిల్లుల కాగితం. ఎవరూ తాకకుండానే చేతిలో ఫైలు జారింది. నేను చూస్తూనే ఉన్నాను. తను వంగి ఏరుకుంటూ నావైపు ఒకసారి చూసింది. ఆ చూపు నేను ఇంతకు ముందు చూసిందే. మా అమ్మాయి పదేళ్ళప్పుడు ఆవకాయ జాడీ పగలగొట్టి, ఎవరికీ చెప్పొద్దమ్మా అన్నట్టు చూసిన చూపు.

ఇంటిల్లిపాదీ మగవాడి కోసం వెతుకుతున్నాం. పేరులేనాయన అన్నామే గానీ ఆడమనిషేమో అని ఒక్కరికీ తట్టలేదు.

ఇంతలో మా వాడు వచ్చాడు. "ఏంటి, ఏదో కొమ్మ అంటున్నారు?"

"కొమ్మేంట్రా! కొమ్ముశెనగలు. వాళ్ళ ఊళ్ళో ఈ ఏడు కొమ్ముశెనగలు బాగా పండాయట, మాటల్లో వచ్చింది," అన్నాను. నోరు ఊరుకోని మనిషికి అదొక్కటే సౌకర్యం. ఏం మాట్లాడినా ఎవరూ పట్టించుకోరు.

వాడు నన్నొకసారి, ఆ పిల్లనొకసారి చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. ఆ పిల్ల ఫైలు గుండెకి అదుముకుని, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

"కంగారుగా ఉందే ఆ పిల్ల?" అన్నాడు వాడు గేటువైపు చూస్తూ.

నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాను. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

ఆ పిల్లేనని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ మా వాడు పట్టు వదిలే రకం కాదు. ఇవాళ పెద్దిరాజు, రేపు అప్పారావు, ఎల్లుండికి పాత శిష్యుల వరస మొదలవుతుంది. వాడి క్లాసు ఫోటోలన్నీ గోడమీదే ఉన్నాయి.

సలోమోనుతో మాట్లాడాలని మధ్యాహ్నం తోటకి నడిచాను. కోతకాలం. కాయలు కోసే చిక్కాలు పట్టుకుని నలుగురు చెట్లమీద ఉన్నారు. సలోమోను నా చెట్టు కిందే కూర్చుని దెబ్బకాయలు వేరు చేస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చో సలోమోనూ. నిన్నొకటి అడగాలి. ఆ ఏడు మాఘమాసంలో ఈ చెట్టు పూత తూర్పువైపంతా దులిపేశావు గదా. ఎందుకు దులిపావు?"

"ఇప్పుడెందుకండీ అమ్మగారూ అది? అప్పుడే తిట్టారుగా."

తిట్టాను. మామూలుగా తిట్టలేదు. నేల మీద పసుప్పచ్చగా పరుచుకున్న పూత చూసి తోటంతా వినపడేట్టు అరిచాను. చెట్టుకి చేతబడి చేశావన్నాను. కల్లు తాగి చేశావన్నాను. రెండు నెలలు తోటలో కాలు పెట్టనివ్వలేదు. ఆ మరుసటి వేసవిలో, చుట్టూ చెట్లన్నీ మొండికేసి నిలబడితే, నా చెట్టు తూర్పు సగం మాత్రం నేల అంటేట్టు వంగింది. అప్పుడైనా పొరపాటయిందని నేను అతనితో అనలేదు.

"చెప్పవయ్యా."

"చిన్నమ్మాయిగారి పెళ్ళికి పుల్లమ్మగారి చెట్టు పక్కన గాడిపొయ్యి తవ్వారు గుర్తుందా అండీ? మూడు రోజులు మండింది. ఆ వైపు పూతంతా మాడిపోయింది. మరుసటి ఏడు చూస్తే, మాడినవైపే కాసింది. నాకు వింతనిపించిందండి. సరే, చేత్తో దులిపితే ఏమవుద్దో చూద్దామని రెండేళ్ళు ఆగి మీ చెట్టు మీద చేశాను."

"నా చెట్టే ఎందుకు?"

"మీరు కేకలేసినా మళ్ళీ పిలుస్తారండీ. పుల్లమ్మగారి చెట్టయితే పెద్దయ్యగారు ప్రాణం తీసేవారు."

నవ్వొచ్చింది. నవ్వలేదు.

"మా వాడు దీనిమీద వ్యాసం రాశాడు. నీ పేరు రాయలేదు. నేను రాయిద్దామనుకుంటున్నాను."

సలోమోను చేతిలో కాయని అటూ ఇటూ తిప్పాడు. దెబ్బకాయ కాదు, మంచిదే.

"మేష్టారుగారు పంపారా అండీ మిమ్మల్ని?"

"లేదు. వాడికి తెలియదు."

"మరెందుకండీ ఇన్నేళ్ళకి? నా పేరు రాస్తారు. రేపు ఏ కొండూరులోనో ఎవరో పూత దులుపుతారు. రెండేళ్ళూ కాపు పోద్ది. అప్పుడు సలోమోను చెప్పాడంటారు. పేరు మీ వాళ్ళదే ఉండనివ్వండి. మాట పడేదీ వాళ్ళే పడతారు."

"నిన్ను ఇరికించడానికి వచ్చాననుకుంటున్నావా?"

అతను చేతిలో కాయని మంచికాయల్లో వేశాడు. పదకొండేళ్ళ కిందట అట్లా తిట్టిన మనిషి ఇవాళ వచ్చి పేరు రాయిస్తానంటే నేను మాత్రం నమ్ముతానా?

తిరిగి రాబోతుంటే వెనక నుంచి అన్నాడు. "రాస్తే, మీరు తిట్టిన సంగతి కూడా రాయండమ్మగారూ. అప్పుడు నమ్ముతాను."

ఇంటికొచ్చి మా వాడితో నేరుగా అడిగాను. "సలోమోను పేరు కలిపి, ఆ తొంభై కాయలు తీసెయ్యరా. ఎవరి వెంటా పడాల్సిన పని ఉండదు."

"అయితే పుష్పా నువ్వూ కలిసే ఆడుతున్నారా ఈ నాటకం?"

"నాటకం కాదు."

"అమ్మా, సలోమోను దులిపింది ఒక్క చెట్టు. నలభై చెట్లకి రిబ్బన్లు కట్టి, పదేళ్ళు ఎండలో నిలబడి కాయ కాయా లెక్కపెట్టింది నేను. ఆ ఒక్క ఏడు నాకు టైఫాయిడు. మంచంలో ఉండి లెక్క తీసుకోలేకపోయాను. గడి ఖాళీగా ఉంటే మొత్తం వ్యాసం పక్కన పడేస్తారని ఒక అంకె వేశాను. ఒక్క అంకె! దానికోసం నన్ను దొంగను చేస్తారా?"

వాడికి ఆ ఏడు టైఫాయిడు రావడం నిజం. రాత్రిళ్ళు తడిగుడ్డ మార్చింది నేనే. నా కొడుకు దొంగ కాదు. ఆ మాట గట్టిగా అనబోయాను. అప్పటికే వాడు గోడమీద ఫోటోల దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క వరసా వేలుపెట్టి చూస్తున్నాడు.

ఆ వేలు పై ఫోటోలో మగపిల్లల వరస దాటి, కూర్చున్న ఆడపిల్లల మీదికి వచ్చి ఆగింది.

"ఆ పిల్ల కొమ్ముశెనగల గురించే మాట్లాడిందా అమ్మా?"

"అవునురా," అన్నాను.

ఇరవైయొక్కో రోజు శుక్రవారం పడింది. సాయంత్రం ఐదు గంటలతో సరి. ఆ తర్వాత ఎవరేం చెప్పినా కంప్యూటరు తీసుకోదు. సోమవారం వెంకటలక్ష్మి పోస్టుకి కాలేజీలో ఇంటర్వ్యూ. అడిగేవాళ్ళలో మా వాడొకడు.

నాలుగింటికి పుష్పని రిక్షా పిలవమన్నాను.

"ఎక్కడికి నాయనమ్మా?"

"నీ కంప్యూటరు దగ్గరికి. ఎవరైనా పేరు పెట్టుకుని మాట చెప్పొచ్చన్నావుగా. చెప్తాను."

అది మొదట నవ్వింది. తర్వాత నవ్వు పోయింది. "నాన్న ఊరుకోరు."

"వెతకడం మానేస్తాడు. అందరి ముందూ నేనే చెప్పేశాక, చాటున చెప్పినవాళ్ళతో వాడికేం పని?"

పుష్ప నా మొహంలోకి చూసింది. నాకు ఎవరో తెలుసునని దానికి ఆ క్షణంలో అర్థమైంది. అడగలేదు. దాని మొహంలో మాత్రం ఏమీ కనపడలేదు. దానికి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

కాలేజీలో లైబ్రరీ పక్క గది. టీవీ లాంటి పెట్టె, అందులో ఆకుపచ్చ అక్షరాలు. అటెండరు ప్రిన్సిపాలుగారి గది తాళం తీసి, టీ తాగొస్తానని వెళ్ళిపోయాడు. పుష్ప ఫోను కలిపి, సన్నగా కూతలాంటిది వినపడ్డాక, "చెప్పు" అంది.

చెప్పాను. నా పేరు పున్నమ్మ. మాఘమాసంలో నా చెట్టు తూర్పు సగం పూత దులిపింది మా తోటలో పనిచేసే సలోమోను. పెళ్ళిపొయ్యి సెగకి మాడిన కొమ్మ చూసి అతనికి తోచింది. నేను అతన్ని తిట్టి, రెండు నెలలు తోటలోకి రానివ్వలేదు. మరుసటి ఏడు ఆ సగమే కాసింది. అది చూసి మా అబ్బాయి నలభై చెట్ల మీద పదేళ్ళు కష్టపడి నిజమో కాదో తేల్చాడు, అదీ అబద్ధం కాదు. ఉప్పెనలో పడమటి కొమ్మ విరిగింది. ఆ కట్టెలు రెండు నెలలు మా పొయ్యిలో మండాయి. ఆ వైపు తొంభై కాయలు కాయలేదు.

"నేను చెప్పిందే రాస్తున్నావా, నీకు నచ్చింది రాస్తున్నావా? మళ్ళీ చదివి చెప్పు," అన్నాను. ఇంగ్లీషులో ఏం కొడుతోందో నాకెలా తెలుస్తుంది? ఒక్కొక్క ముక్కా తెలుగులో తిప్పి చెప్పించుకున్నాను. తిట్టిన సంగతి దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నాను.

"ఇప్పుడు పంపు."

పుష్ప ఏదో నొక్కింది. పెట్టె కదల్లేదు. మళ్ళీ నొక్కింది.

"ఏమైందే?"

"సంస్థ పేరు అడుగుతోంది నాయనమ్మా. నువ్వు ఏ కాలేజీయో, ఏ ఆఫీసో చెప్పాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ముందుకి పోదు."

"ఎవరు పెట్టారు ఆ గడి?"

"నేనే," అంది చిన్నగా. "అప్పుడు... అందరికీ ఏదో ఒక సంస్థ ఉంటుందనుకున్నాను."

"వాళ్ళ నాన్నకీ ఖాళీ గడి వల్లే వచ్చింది తంటా," అన్నాను నాలో నేను. గోడమీద గడియారం ఐదుకి పన్నెండు నిమిషాలు చూపిస్తోంది.

"ఏదో ఒకటి రాసెయ్యనా? నాన్న కాలేజీ పేరు?"

"అబద్ధం రాయొద్దు."

"ఏం రాస్తారు?"

ఇద్దరం ఉలిక్కిపడి తిరిగాం. గుమ్మంలో మా వాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో. చెమటకి చొక్కా వీపుకి అంటుకుంది. వచ్చి పుష్ప భుజం మీదుగా ఆ ఆకుపచ్చ అక్షరాలు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఒకచోట మాత్రం పెదాలు కదిలాయి. ఎక్కడో నాకు తెలియదు.

"అయితే అన్నీ చేరవేసింది నువ్వేనన్నమాట," అన్నాడు నాతో.

నేనే అనుకోనివ్వాలనుకున్నాను. అనుకోనిచ్చాను.

"నీకు ఏ సంస్థ ఉందమ్మా? ఏ చదువుందని ఇందులో మాట్లాడతావు?"

"నీ పట్టికలో నన్ను పెట్టింది నువ్వేగదరా. మూడో వరుస, పున్నమ్మ. నా పేరు అప్పుడే నీ వ్యాసంలో ఉంది. చెట్టుగా పనికొచ్చినదాన్ని మనిషిగా పనికిరానా?" పుష్పతో అన్నాను, "అదే రాయవే. సంస్థ, మూడో వరుసలో చెట్టు."

పుష్ప వాళ్ళ నాన్నవైపు చూడలేదు. ఆ ముక్క కొట్టింది. మీట నొక్కింది. పెట్టె ఈసారి ఆగలేదు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"నాలుగు నిమిషాలు. అక్షరాలు ఒక్కొక్కటే పోతాయి. అవతల గదిలో ఎవరూ ఫోను ఎత్తకుండా ఉంటే..."

మాట మధ్యలో ఆపింది. ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. ప్రిన్సిపాలుగారి గది తెరిచి ఉంది. అందులో ఎవరూ లేరు.

మా వాడు వెనక్కి తిరిగి వరండాలోకి నడిచాడు.

"నాన్నా!" అంది పుష్ప. లేవబోయింది. మీట మీద నుంచి చెయ్యి తీయడానికి లేదు.

వాడి చెప్పుల చప్పుడు ప్రిన్సిపాలుగారి గదివైపే పోయింది. తన వ్యాసం పంపిన రోజు గంటసేపు ఆ ఫోను పక్కన కాపలా కూర్చున్నది కూడా వాడే. నేను మోకాళ్ళు పట్టుకుని లేచేసరికి, ఆ గది తలుపు లోపలి నుంచి మూసుకున్న చప్పుడు వినపడింది.

పెట్టెలో ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే పోతున్నాయి. నా పేరు పోయింది. సలోమోను పేరు దగ్గరికి వచ్చింది.